గచ్చుకు లేని జరిమానా మొక్కకెందుకు?

ఎండాకాలం వస్తే బెంగళూరులో మొక్కకు నీళ్లు పోయాలన్నా టెన్షనే. 2024 మార్చిలో జలమండలి పెట్టిన నిషేధం అందరికీ గుర్తే. తాగునీటితో తోట తడిపినా, కారు కడిగినా 5,000 రూపాయల జరిమానా, మళ్లీ దొరికితే రోజుకు 500 అదనం. 2025 ఫిబ్రవరిలో మళ్లీ అదే ఉత్తర్వు. నిషేధం తప్పని నేను అనను. దాదాపు వంద కిలోమీటర్ల నుంచి మోటార్లతో ఎత్తి తెచ్చుకునే కావేరి నీటిని లాన్ మీద కుమ్మరించడం పాపమే. నా బాధ వేరు. గజం మట్టి మిగుల్చుకుని కరివేపాకు మొక్క పెంచుకునే ఇంటిని ఈ నగరం నిలదీస్తుంది. గేటు నుంచి వెనక గోడ దాకా గచ్చు చేసిన ఇంటిని ఒక్క మాటా అడగదు.

రామమూర్తినగర్ వీధుల్లో ఒకసారి నడిచి చూడండి. 30×40 అడుగుల సైటు, దాని మీద నాలుగంతస్తులు, కింద పార్కింగ్. గోడకూ ప్రహరీకీ మధ్య సెట్‌బ్యాక్ అని వదిలిన ఆ మూరెడు జాగాలోనూ ఇంటర్‌లాక్ టైల్సే. ర్యాంపు రోడ్డు మీదికి వచ్చేసి ఉంటుంది. మట్టి కనిపించేది ఖాళీ సైట్లలోనే, అక్కడేమో చెత్త. చిత్తూరు, అనంతపురం, కడప నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న మనవాళ్లూ ఇందులో తక్కువేం కాదు. మునగచెట్టు, గోంగూర మడి ఉన్న పెరట్లో పెరిగిన మనిషే ఇక్కడికొచ్చి “మట్టి ఉంటే ఇల్లు నీటుగా ఉండదండీ” అంటాడు. కల్లాపి చల్లడానికి నేల లేక గ్రానైట్ మీద స్టిక్కర్ ముగ్గులు అతికించుకుంటున్నాం. చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

లెక్క చూడండి. బెంగళూరులో ఏడాదికి 950 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అంటే ఒక్క 30×40 సైటు మీదే లక్ష లీటర్లు దాటుతుంది. 12,000 లీటర్ల ట్యాంకర్లయితే ఎనిమిదికి పైనే. ఆ నీళ్లన్నీ గచ్చు మీద నుంచి జారి, వీధి దాటి, పల్లంలో ఉన్నవాళ్ల ఇంట్లోకి పోతున్నాయి. 2022 సెప్టెంబరులో మహదేవపుర వైపు ఐటీ ఉద్యోగులు వరదనీళ్లలో ట్రాక్టర్లెక్కి ఆఫీసుకు వెళ్లారు. ఏడాదిన్నర తిరిగేసరికి అదే వైపు జనం ట్యాంకర్ కోసం గేటు దగ్గర నిలబడ్డారు. నగరంలో సుమారు 14 వేల ప్రభుత్వ బోర్లుంటే దాదాపు సగం ఎండిపోయాయని ఉప ముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ అప్పుడే చెప్పారు. వరదకైనా కరువుకైనా నేల నోరు మూసేయడం ఒక పెద్ద కారణం.

చట్టం లేకపోలేదు. 2009 నుంచి వాననీటి సేకరణ తప్పనిసరి. కొత్తగా కట్టే ఇల్లయితే 30×40 నుంచి, పాత ఇల్లయితే 60×40 నుంచి. మంచి చట్టమే. కానీ అది పైపును, సంపును, ఇంకుడు గుంతను చూస్తుంది. సంపు నిండితే మిగతా నీళ్లు కాలవలోకే పోతాయి. గుంత పూడుకుపోతే తీసేవాడుండడు. మట్టికి ఈ బెడద లేదు, వడకట్టేదీ దాచేదీ అదే. సెట్‌బ్యాక్ అంటే కట్టడం ఉండకూడని జాగా అని మాత్రమే మనకు తెలుసు. అది మట్టిగా ఉండాలన్న పట్టింపు ఏ వీధిలోనూ కనిపించదు. చెట్ల సంగతీ అంతే. 1976 నాటి చట్టం ప్రకారం మన కాంపౌండులోని చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలి. ఆ చెట్టు మొదలు చుట్టూ కాంక్రీటు పోసి ఊపిరాడకుండా చేస్తే మాత్రం పట్టించుకునేవారు లేరు. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఆదేశించింది. ఇక్కడ ఎందుకు కుదరదు?

మట్టి ఉంటే బురద, పాములు, దోమలు అంటారు. పెద్దవాళ్లు జారిపడతారన్నది నిజమే, నడిచే దారి వరకు రాళ్లు పరుచుకోండి. దోమల మాట మాత్రం ఒప్పుకోను. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇంకిపోయే నేలలో కాదు, నిలిచిన నీళ్లలో. అంటే మూతలేని సంపులు, కుండీల కింది పళ్లేలు, డ్రమ్ములు. దోమలు పెరగనిచ్చే ఇంటికి 2024లో కర్ణాటక ప్రభుత్వం నగరాల్లో 400 రూపాయల జరిమానా పెట్టింది కూడా.

నేనడిగేది ఒక్కటే. సెట్‌బ్యాక్‌లో సగం మట్టిగా వదలాలి. వదిలినవారికి ఆస్తిపన్నులో రాయితీ ఇవ్వాలి, మూసేసినవారి నీటి బిల్లు పెంచాలి. కొత్తగా సిబ్బంది అక్కర్లేదు, మీటరు రీడింగుకు నెలనెలా ఇంటికి వచ్చే మనిషి చూస్తే చాలు.

ఇంత చిన్న పని కూడా జరగడం లేదంటే కారణం వార్డులో అడిగే దిక్కు లేకపోవడమే. నగరపాలక సంస్థ బీబీఎంపీలో ఎన్నికైన పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో ముగిసింది. 2025 సెప్టెంబరులో నగరం అయిదు కార్పొరేషన్లయ్యేనాటికి కూడా ఎన్నికల్లేవు. ఆ అయిదేళ్లూ నియమాలన్నీ అధికారుల టేబుల్ మీదే పుట్టాయి. ఏ వీధిలో నీళ్లు నిలుస్తాయో, ఎవరి బోరు ఎండిందో వాళ్లకు కాగితాల్లో తప్ప తెలియదు. కార్పొరేటర్‌కైతే పొద్దున్నే అతని ఇంటి ముందుకెళ్లి చెప్తాం. ఎన్నికలు వచ్చినప్పుడు కె.ఆర్. పురంలో, మహదేవపురలో అభ్యర్థులు మన ఓట్ల కోసం తెలుగులోనే మాట్లాడతారు. అప్పుడు తెలుగులోనే అడగండి, “మా వీధిలో ఎన్ని గజాల మట్టి మిగిలింది, దాన్ని ఎన్ని గజాలకు పెంచుతావు?” అని.