ఎదురుతన్ను దొరవారికి విన్నపం

పిస్టల్ పేలగానే చేతిని వెనక్కి తన్నే మహారాజశ్రీ రికాయిల్ వారి సముఖానికి,

ఉభయ కుశలోపరి. కుశలంగా లేనిది నా గురి ఒక్కటే. ఇన్నాళ్లూ ఆ పాపం తమరి ఖాతాలోనే రాస్తూ వచ్చాను. రేంజ్‌లో గురి కాగితం మీది నల్ల వలయానికి కింద, ఎడమ పక్కన పడ్డ ప్రతి చిల్లుకీ "పాయింట్ 45 పిస్టల్ కదండీ, తన్నుడు అలాగే ఉంటుంది" అనేవాణ్ణి. ఆ మాటకి అవతలివాళ్ల కళ్లలో కాస్త గౌరవం కూడా కనిపించేది.

లెక్కలో అబద్ధమేమీ లేదు. ఈ పేర్లలోని అంకెలు సుమారుగా తూటా లావు: పాయింట్ ఉన్నవి అంగుళాల్లో, ఎంఎం ఉన్నవి మిల్లీమీటర్లలో. మామూలు 9 ఎంఎం తూటా 7.5 గ్రాములు, సెకనుకు 350 మీటర్ల పరుగు. పాయింట్ 45 దాదాపు 15 గ్రాములు, పరుగు 255 మీటర్లు. నడక నిదానమే అయినా, బరువునీ వేగాన్నీ గుణిస్తే తమరి దెబ్బ ఒకటిన్నర రెట్లు పడుతుంది. పాయింట్ 22 అయితే చీమ కుట్టినట్టే. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్ పోటీలు దానితోనే నడుస్తాయి, అక్కడ దాన్ని చూసి ఎవరూ నవ్వరు. పైగా తమరు తూటా ఒక్కదాన్నే చూసి తన్నరు. కిలో పైన తూగే '1911' అనే ఉక్కు పిస్టల్‌లో పాయింట్ 45 భుజం మీద చెయ్యేసి నెట్టినట్టు నెడుతుంది. జేబులో పట్టే పాయింట్ 380 మాత్రం, పేరుకి బుల్లిదే, నా బొటనవేలి సందు కొరికి వదిలింది.

అసలు సంగతి మొన్న బయటపడింది. కోచ్ గారు నాకు తెలియకుండా పిస్టల్ మేగజైన్‌లో తూటాల మధ్య ఒక డమ్మీ రౌండ్, అంటే పేలని ఉత్తుత్తి తూటా, కలిపారు. మూడోసారి నొక్కితే 'టిక్' అంది. తూటా లేదు, తమరూ లేరు. నా మణికట్టు మాత్రం వంగిపోయింది, కళ్లు మూసుకుపోయాయి, పిస్టల్ మూతి ముందున్న బల్లకేసి చూస్తోంది. ఆయన ఒక్క మాట అనలేదు. అదే పిస్టల్‌ని ఇసుక బస్తా మీద ఆనించి ఐదు కాల్చారు, పక్కనున్న 9 ఎంఎంతో ఇంకో ఐదు. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఏది దేనిదో చిల్లు సైజుని బట్టి చెప్పాల్సిందే.

తూటా గొట్టంలో ఉండేది సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. మూతి పైకి లేచేది చాలావరకు అది వెళ్లిపోయాకే. అంటే తమరు వచ్చేసరికే నేరం జరిగిపోయి ఉంటుంది. రెండో తూటా విషయంలో మాత్రం తమర్ని వదలను. మూతి మళ్లీ గురి మీదికి దిగేదాకా కాచుకోవాలి, అక్కడ 9 ఎంఎందే పైచేయి.

తమరికి జడిసింది నేనొక్కణ్ణే కాదు లెండి. 1986లో మయామీ కాల్పుల్లో ఇద్దరు ఏజెంట్లను పోగొట్టుకున్నాక అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 9 ఎంఎంని తిట్టి 10 ఎంఎంని నెత్తికెత్తుకుంది. తన్నుడు మరీ ఎక్కువని తూటాలో పేలుడు మందు తగ్గించారు. ఆ కాస్త మందుకి అంత పొడుగు కేస్ (మందు పట్టే గొట్టం) ఎందుకని 1990లో పాయింట్ 40 పుట్టింది. 2014లో వాళ్ల శిక్షణ విభాగమే మళ్లీ 9 ఎంఎం మేలంది. ఎక్కువమంది దాంతోనే త్వరగా, గురిగా కాలుస్తున్నారట. వాళ్లకి 28 ఏళ్లు పట్టింది. నాకు ఒక్క డమ్మీ రౌండ్‌తో సరిపోయింది.

దయచేసి ఆ 'టిక్' సంగతి బయటికి పొక్కనివ్వకండి. రేంజ్‌లో అడిగిన వాళ్లకి నేనింకా తమరి పేరే చెబుతున్నాను.

ఇట్లు,
ఎడమ పక్కన, కాస్త కిందుగా,
తమ విధేయుడు