కంప్యూటరు వారి పవళింపు సేవ

"ఇంకా రోజూ షట్‌డౌన్ చేస్తున్నారా బావగారూ?" అన్నాడు మా బావమరిది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్న బంధువు నోట ఈ మాట వినని ఇల్లు తెలుగునాట ఉండదు. ప్రశ్న రూపంలో ఉండే పరామర్శ ఇది. రాత్రిపూట కంప్యూటరును పూర్తిగా ఆర్పకుండా స్లీపులో, అంటే కునుకులో, పెట్టి వదిలేయాలట. రోజూ ఆర్పి వెలిగిస్తే లోపలి భాగాలు దెబ్బతింటాయట. అమెరికాలో అసలు ఎవరూ షట్‌డౌన్ చేయరట. అమెరికా పేరు ఎత్తాక మన ఇళ్లలో ఏ చర్చ అయినా సమాప్తమే. కానీ ఆ సమయానికి మా మామగారు అదే గదిలో మజ్జిగన్నం తింటున్నారు. ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది.

మామగారిది షట్‌డౌన్ పక్షం, అందులోనూ ఛాందస శాఖ. ఆయన ఆఫీసులో కంప్యూటరు దిగిన రోజుల్లో ఆ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లాలని నియమం. ఆఫీసరుకు లేని ఏసీ దానికి ఉండేది. మానిటరుకు ఒక కవరు, కీబోర్డుకు ఒక కవరు, ప్రింటరుకు ఇంకో కవరు. ఆయన రిటైరయ్యారు కానీ ఆ భక్తి రిటైరు కాలేదు. తిరుమలలో స్వామివారికి తెల్లవారుజామున సుప్రభాతమూ, రాత్రి ఏకాంత సేవా ఎంత నియమంగా జరుగుతాయో మా ఇంట్లో కంప్యూటరు వారికీ అంత నియమంగా జరుగుతాయి.

రాత్రి తొమ్మిదిన్నరకు మొదటి ప్రకటన వెలువడుతుంది: "ఎవరికైనా ఏమైనా పని ఉందా? కట్టేస్తున్నాను." ఎవరూ పలకరు. రెండో ప్రకటన. అప్పుడు తెర మీద తెరిచి ఉన్నవన్నీ ఒక్కొక్కటిగా మూస్తారు, మూసినదాన్ని మూశామో లేదో చూడటానికి మళ్లీ తెరుస్తారు. షట్‌డౌన్ నొక్కి, చేతులు కట్టుకుని, చివరి లైటు ఆరేదాకా నిలబడతారు. లైటు ఆరాక డబ్బా వెనుక అరచెయ్యి పెట్టి ఫ్యాను గాలి వస్తోందేమో పరీక్షిస్తారు. తరువాత యూపీఎస్ బటన్ నొక్కి పట్టుకుంటే అది ఒక దీర్ఘమైన కూత కూసి ప్రాణం విడుస్తుంది. తరువాత స్పీకర్లు. తరువాత గోడ మీది స్విచ్చి. స్విచ్చిని నమ్మడానికి లేదు కనుక ప్లగ్గు పీకుతారు. పీకిన ప్లగ్గు నేల మీద పడి ఉంటే పిడుగు అటునుంచి వచ్చే ప్రమాదం ఉంది కనుక దాన్ని మేకుకు తగిలిస్తారు. చివరగా మా అత్తగారి పాత చీరతో కుట్టించిన, అంచుకు కుచ్చులున్న కవరు కప్పి, నాలుగు మూలలా సర్ది, గదిలో దీపం తీసేస్తారు. ఒకసారి కవరు కప్పాక మా అబ్బాయి పరుగున వచ్చి పెన్‌డ్రైవ్ దానికే ఉండిపోయిందన్నాడు, పొద్దున్నే స్కూల్లో ఇవ్వాలన్నాడు. తలుపులు వేశాక దర్శనం ఉంటుందా? ఉండదు.

ఈ సేవ జరుగుతున్నంతసేపూ ఆ గదిలోనే సెట్‌టాప్ బాక్సు ఎర్రటి కన్ను తెరుచుకుని చూస్తూ ఉంటుంది. చాలా బాక్సులు రిమోటుతో ఆపినా దాదాపు అంతే కరెంటు తాగుతాయి. దాని జోలికి ఎవరూ పోరు. అది ఏ ఆఫీసులోనూ చెప్పులు విప్పించలేదు మరి.

ఇంత తంతూ కరెంటు ఆదా కోసం అంటారు. సరే, లెక్క వేద్దాం. స్లీపులో ఉన్న డెస్క్‌టాప్ సుమారు 2 లేదా 3 వాట్లు తీసుకుంటుంది. షట్‌డౌన్ చేసి ప్లగ్గు అలాగే ఉంచితే ఒక వాటు అటూ ఇటూగా తీసుకుంటుంది. సున్నా కాదు, బటన్ నొక్కినప్పుడు లేవాలి కదా. తేడా 2 వాట్లే అనుకుందాం. రాత్రికి 8 గంటల చొప్పున 365 రాత్రులకు 6 యూనిట్లకు కాస్త తక్కువ. యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 60 రూపాయలు లోపు. మే నెలలో టన్నున్నర ఏసీ ఒక్క రాత్రిలో దాన్ని మింగేస్తుంది. అసలు ఆర్పకుండా, స్లీపులో పెట్టకుండా 60 వాట్ల మీద తెల్లవార్లూ వెలిగిస్తే మాత్రం ఏడాదికి 175 యూనిట్లు. అది నిజంగానే దండగ. కానీ మా ఇంట్లో యుద్ధం దాని గురించి కాదు, ఆ 60 రూపాయల గురించి.

ఉరుములు మెరుపులు ఉన్న రోజు ప్లగ్గు పీకడం తెలివైన పనే, ఒప్పుకుంటాను. ఏడాది పొడవునా పీకితే ఏమవుతుందో కూడా చూశాం. ప్లగ్గు ఉంటే లోపలి గడియారం గోడ కరెంటుతో నడుస్తుంది, లేకపోతే మదర్‌బోర్డు మీది చిన్న నాణెం బ్యాటరీ ఆ భారం మోస్తుంది. అది మోసీ మోసీ అలిసి, ఒకరోజు మా కంప్యూటరు 2009 జనవరి 1న నిద్రలేచింది. తేదీ తప్పు కనుక బ్యాంకు సైటు తెరుచుకోలేదు. బజారులో చూపిస్తే మదర్‌బోర్డు మార్చాలన్నారు. మారినది ఆ నాణెం బ్యాటరీ ఒక్కటే. దాని ఖరీదు చెబితే మామగారు నమ్మలేదు.

ఇక బావమరిది గారి స్లీపు సంప్రదాయం. ఆయన ల్యాప్‌టాప్ పుట్టిన తరువాత ఎప్పుడైనా ఆగిందో లేదో దేవుడికే తెలియాలి. మూత వేస్తే నిద్ర, తీస్తే మెలకువ. ఆ నిద్ర ఎలాంటిదో విజయవాడ ప్రయాణంలో తెలిసింది. బస్సు సూర్యాపేట దాటాక బ్యాగులో చెయ్యి పెడితే చురుక్కుమంది, బ్యాటరీ సున్నా. పాత స్లీపులో మెమరీకి తప్ప మిగతా భాగాల్లో చాలావాటికి కరెంటు అందేది కాదు. కొత్త ల్యాప్‌టాపుల్లో చాలావాటికి ఆ స్లీపే లేదు. ఫోనులాగా ఉండాలని చెప్పి, తెర ఆర్పేసి లోపల సగం మెలకువగా ఉండే పద్ధతి పెట్టారు. నెట్టు చూసుకుంటుంది, మెయిళ్లు తెచ్చుకుంటుంది, ఏదో తోచి పూర్తిగా లేచి కూర్చుంటుంది. దానికి తయారుచేసినవారు తామే పేరు పెట్టుకున్నారు: మోడరన్ స్టాండ్‌బై, మన మాటలో ఆధునిక నిద్ర.

రెండు పక్షాలకూ తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఒకప్పుడు కంప్యూటరు స్విచ్చి నిజంగా స్విచ్చే. విండోస్ 95 పని ముగించుకుని, ఇక మీరు నిర్భయంగా ఆర్పేయవచ్చు అని నారింజ రంగు అక్షరాలతో సెలవిచ్చేది. మనం టక్కున నొక్కితే కరెంటు తెగేది. 1995లో ఏటీఎక్స్ అనే కొత్త మదర్‌బోర్డు పద్ధతి వచ్చాక ఆ బటన్ అర్జీ అయిపోయింది. నొక్కితే, ఫలానావారు ఆగమంటున్నారు అని లోపలికి కబురు వెళుతుంది. ఆగాలా వద్దా అన్నది లోపలివారి ఇష్టం. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చాక షట్‌డౌన్ కూడా పూర్తి షట్‌డౌన్ కాకుండా పోయింది. మన ఫైళ్లూ ప్రోగ్రాములూ మూసేస్తుంది, తన ప్రధాన భాగాన్ని మాత్రం డిస్కు మీద రాసిపెట్టుకుని పొద్దున అక్కడి నుంచే మొదలుపెడుతుంది. నిజంగా అంతా దులిపి మళ్లీ మొదలుకావాలంటే నొక్కవలసింది రీస్టార్ట్. అంటే ఆగాలంటే ఆగమని చెప్పకూడదు, మళ్లీ మొదలుపెట్టమని చెప్పాలి. టాస్క్ మేనేజరులో ఎన్ని రోజులుగా నడుస్తోందో చూపే అంకె ఒకటి ఉంటుంది. ప్రతి రాత్రీ కుచ్చుల కవరు కప్పే మామగారికి ఆ అంకె చూపించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. మా కింది వాటాలో ఒక రిటైరైన తెలుగు మాస్టారు ఉంటారు. తమ ఊరి చరిత్ర రాస్తున్నారు. ఒంటి వేలితో, ఒత్తు ఒత్తుకూ ఆగి, కళ్లద్దాలు పైకి కిందికి జరుపుకుంటూ టైపు చేస్తారు. ఎవరో పుణ్యాత్ముడు చెప్పిన మాట పట్టుకుని, ఫైలు తెరిచి ఉంచే స్లీపులో పెట్టి పడుకున్నారు. అప్‌డేట్ కోసం యంత్రం అర్ధరాత్రి తనంతట తాను లేచింది, తనంతట తాను రీస్టార్ట్ అయింది. పొద్దున చూస్తే చెరువు కట్ట తెగిన ఏడాది గురించి రాసిన పేజీలు లేవు. మాస్టారు నాతో అన్న మాట ఇది: "నేనే ఏదో తప్పు నొక్కి ఉంటాను బాబూ. వయసు మీద పడింది."

కాదు మాస్టారూ, మీరు ఏమీ నొక్కలేదు. మీరు నిద్రపోతున్నారు. డబ్బు పెట్టి కొన్నది మీరు, కరెంటు బిల్లు కట్టేది మీరు, పడుకోమన్నది మీరు. పడుకోమంటే లేచి, ఆగమంటే నటించి, చేసిన పని తుడిచిపెట్టి, పొద్దున్నే ఇంకొన్ని కొత్త సదుపాయాలు కల్పించామని పలకరించే వస్తువును తయారుచేసినవారికి సిగ్గుండాలి. అడగకుండా ఆర్పే హక్కు వాళ్లకు ఎవరిచ్చారు? ఇంట్లో పనికి వచ్చే మనిషి ఇందులో పదోవంతు చేస్తే ఊరుకుంటామా? డెబ్బై ఏళ్లు దాటిన మనిషి తన చేతులను తానే అనుమానించుకునేలా చేయడం ఏ రకం ప్రగతి? ఇందులో కమాండ్ తెలియని తప్పు ఏమీ లేదు. చెప్పిన మాట వినని యంత్రం తప్పుకు మన అజ్ఞానం మీద నింద వేయడం ఒక వ్యాపారంగా సాగిపోతోంది.

మార్గం లేకపోలేదు. హైబర్నేట్ అని ఒకటి ఉంది. తెరిచి ఉన్నదంతా డిస్కు మీద భద్రం చేసి పూర్తిగా ఆగిపోతుంది. కరెంటు పోయినా, మామగారు ప్లగ్గు పీకినా పని పోదు. ఇంత పనికొచ్చేది కనుకనే కాబోలు, దాన్ని చాలా కంప్యూటర్ల మెనూలో కనబడకుండా దాచారు. మాస్టారికి పెట్టి ఇద్దామని కూర్చున్నాను. కంట్రోల్ ప్యానెల్, అందులో పవర్ ఆప్షన్స్, అందులో బటన్ల సంగతి చూసే పేజీ. హైబర్నేట్ బూడిద రంగులో ఉంది, టిక్కు పడదు. దాని పైన ఇంగ్లిషులో ఒక వాక్యం ఉంటుంది, ముందు దాన్ని నొక్కాలి. మాస్టారు దారి అంతా నోటు పుస్తకంలో వరుసగా రాసుకుంటున్నారు. ఆ వాక్యం దగ్గర అర్థం అడిగారు, చెప్పాను: "ప్రస్తుతం అందుబాటులో లేని సెట్టింగులను మార్చండి."

అలాగే రాసుకున్నారు. కాసేపు చూసి, జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీసి, వాక్యం కింద గీత గీసి, మార్జిన్‌లో సున్నా వేశారు.