హార్డ్ డిస్క్ గారికి పదవీ విరమణ విన్నపం

ఒంగోలు.

మహారాజశ్రీ 500 జీబీ హార్డ్ డిస్క్ గారి సముఖమునకు,

కర్నూలు రోడ్డు సందులో శుభలేఖలు, కరపత్రాలు తయారు చేసుకొని బతికే డీటీపీ దుకాణదారు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇచ్చట మేము క్షేమము. నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతూ కూడా పదమూడేళ్లుగా ఎక్కడికీ తొందరపడని తమరి స్థితప్రజ్ఞకు ముందుగా జోహార్లు.

2013లో మా దుకాణంలో కాలు పెట్టిన నాటి నుంచి తమరు నేర్పినంత ఓర్పు నాకు ఏ గురువూ నేర్పలేదు. పొద్దున్నే కంప్యూటరు మీట నొక్కి, షట్టరు ముందు నీళ్లు చల్లి, ఎదురు కొట్లో టీ తాగి, జిల్లా వార్తల పేజీ తిరగేసి వచ్చేసరికి తెర మీద ఆ గుండ్రం ఇంకా తిరుగుతూనే ఉంటుంది. వరుడి ఇంటిపేరులో ఒక వొత్తు దిద్దించుకోవడానికి కందుకూరు నుంచి వచ్చిన పెద్దాయన, ఫైలు తెరుచుకొనేలోగా పెళ్లికూతురి వైపు బంధుత్వమంతా మూడు తరాల దాకా నాకు విప్పి చెప్పారు.

ఈసారి ముహూర్తాల్లో ఖర్చులు పోను 6,000 రూపాయలు మిగిలాయి. ఆ సంగతి పొక్కిన గంటలోనే సలహాదారులు దిగారు. ఇంజినీరింగు చదివే మా మేనల్లుడు ముందుగా, తెర మీది బొమ్మలను పరుగెత్తించే గ్రాఫిక్స్ కార్డు కొనమన్నాడు. శుభలేఖ మీది వినాయకుడు కూర్చుంటాడే గాని పరుగెత్తడు కదా నాయనా అన్నాను. పైగా మన క్యాబినెట్‌లోని కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లని స్టిక్కరు ఉన్నా, చేత్తో ఎత్తి చూస్తే ఖాళీ టిఫిను డబ్బా అంత తేలిక. దాని మాట నమ్మి కార్డు తగిలించే ధైర్యం నాకు లేదు. మరమ్మతుల కుర్రవాడు ప్రాసెసరు మార్చమన్నాడు. మనది మూడో తరం ఐ3, కూర్చున్నది మదర్‌బోర్డు మీది 1155 రకం సాకెట్టులో. ఇప్పటి ప్రాసెసరు అందులో పట్టదు గనుక బోర్డు మార్చాలి, కొత్త బోర్డులో మన పాత రకం డీడీఆర్3 ర్యామ్ (పని జరిగేంతసేపు సరుకు పెట్టుకొనే జ్ఞాపకం) ఎక్కదు గనుక అదీ మార్చాలి. గుండీ ఊడిందని చెబితే చొక్కాతో పాటు బీరువా కూడా కొనిపించే సలహా ఇది.

చివరికి ఎవరినీ అడగకుండా, పని జోరుగా ఉన్న వేళ ఏ భాగం ఎంత కష్టపడుతోందో చూపే టాస్క్ మేనేజరు తెరిచి చూశాను. ప్రాసెసరు 20 శాతమైనా కష్టపడడం లేదు. డిస్కు గడిలో మాత్రం 100 శాతం ఎర్రగా వెలుగుతోంది. ఒక పక్క ఒంగోలు గిత్తను, రెండో పక్క కుంటి దూడను కాడికి కట్టి బండలాగుడు పందేనికి దిగి, బండ కదలడం లేదని గిత్తను మార్చబోయానన్నమాట. తమరి తప్పొక్కటే అనడం కూడా అన్యాయమే. ఉన్న నాలుగు జీబీ ర్యామ్ నిండిపోతే, పొంగిన సరుకునంతా విండోస్ తెచ్చి తమరి నెత్తినే పెడుతోంది. కావలసిన ముక్క, చదివే ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలంటే ఒక చుట్టుకే 8 మిల్లీసెకన్లు పైన. అలాంటి ముక్కలు వేలల్లో ఉన్నప్పుడు తమరు మాత్రం ఏం చేయగలరు?

అందుచేత తమరి ఆసనంలో చిప్పుల్లోనే సరుకు దాచే చిరంజీవి ఎస్ఎస్‌డీని కూర్చోబెట్ట నిశ్చయించాను. అతనిలో తిరిగేదేమీ లేదు, వెతుకులాటా లేదు. మన హెచ్61 బోర్డులో డిస్కును కలిపే సాటా దారి పాతది కావడం వల్ల అతని పరుగులో సగమే మనకు దక్కుతుందట. ఆ సగమైనా నాకు పండగే. ముందు ర్యామా, ముందు ఎస్ఎస్‌డీయా అని ఒక రాత్రంతా తర్కించుకున్నాను. అద్దె ఇల్లు మారేటప్పుడు పట్టెమంచం వెంట వస్తుంది, గోడలోని గూడు రాదు. ఎస్ఎస్‌డీ మంచం, డీడీఆర్3 ర్యామ్ గూడు. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మన ప్రాసెసరును విండోస్ 11 గడప తొక్కనివ్వదు. కనుక ఈ ఇల్లు ఖాళీ చేయక తప్పని రోజు దగ్గరలోనే ఉంది. అయినా బోర్డులో ఒక ర్యామ్ స్లాటు ఖాళీగా ఉన్నందున, మిగిలిన డబ్బుతో పాతదే ఇంకో నాలుగు జీబీ ముక్క వేస్తాను. క్యాబినెట్‌లోని దుమ్ము ఊదడానికి ఎలాగూ ఖర్చు లేదు.

తమరిని పాత ఇనుము వాడికి వేస్తానని భయపడవద్దు. పాత పెళ్లిళ్ల ఫొటోలకు కాపలాగా, అరుగు మీది పెద్దమనిషిలా, రెండో డిస్కుగా అక్కడే ఉందురు గాని. కాకపోతే మొన్నటి నుంచి తమరి లోపల ఏదో టకటకమంటోంది గనుక, ఆ ఫొటోలకు ఇంకొక నకలు బయట ఉంచుకుంటే కోపగించుకోవద్దని మనవి.

కాపీ పని ఆదివారం రాత్రి మొదలుపెడతాను. ఆ టకటకను ఆ ఒక్క రాత్రికి వాయిదా వేసుకోవలసిందిగాను, పోదలచుకుంటే కందుకూరు వారి శుభలేఖ ఇవతలికి వచ్చిన తరువాతే పోవలసిందిగాను ప్రార్థన.

ఇట్లు,
తమరి ఎదుట పదమూడేళ్లుగా కూర్చున్న
దుకాణదారు