కార్బన్ చెత్త వాళ్లది, బిల్లు మనదా?

2024 మే నెలలో ఐస్‌లాండ్‌లో మమత్ అనే ప్లాంటు మొదలైంది. పెద్ద ఫ్యాన్లతో గాలిని లోపలికి లాగుతుంది. ఆ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను ఫిల్టర్లలో పట్టుకుని, నీటిలో కలిపి, భూమి లోపలి బసాల్ట్ అనే నల్లరాతి పొరల్లోకి పంపుతుంది. అక్కడ అది రాయిగా మారిపోతుంది. పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి 36 వేల టన్నులు పడుతుంది. శిలాజ ఇంధనాలు మండించి ప్రపంచం ఏటా వదులుతున్నది సుమారు 3,700 కోట్ల టన్నులు. అంటే మమత్ ఏడాదంతా పడే కష్టం, మనం అర నిమిషంలో వదిలే పొగతో సరి.

ఈ లెక్క చూపించి ఇదంతా దండగ అనేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను వాళ్ల పక్షం కాదు. పరిశ్రమలు రాకముందు గాలిలో పది లక్షల భాగాలకు 280 భాగాలున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. సిమెంటు, ఉక్కు, విమానాలు, సాగు వదిలే పొగలో కొంత ఎంత ప్రయత్నించినా మిగిలిపోతుంది. అది పోవాలంటే గాలిలోంచి తీయక తప్పదని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల సంఘం ఐపీసీసీ 2022లోనే తేల్చి చెప్పింది. ప్రభుత్వ డబ్బు లేకుండా ఈ పని జరగదన్నదీ నిజమే. కానీ ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది, ఎవరి చేతికి పోతోంది, ఏ షరతు మీద పోతోంది? నా గొడవంతా అక్కడే.

సబ్సిడీలు ఇచ్చేయాలనేవాళ్లు ఎప్పుడూ సోలార్ కథే చెబుతారు. 2000లో జర్మనీ చట్టం చేసి సోలార్ కరెంటుకు గ్యారంటీ ధర ఇచ్చింది, మార్కెట్ పెరిగింది, ఫ్యాక్టరీలు వెలిశాయి, 2010 తర్వాత పదేళ్లలో ప్యానెళ్ల ధర దాదాపు 90 శాతం పడిపోయింది. గాలిలోంచి కార్బన్ తీసే యంత్రాలకూ మొదట చేయూతనిస్తే అలాగే చౌకవుతాయన్నది వాళ్ల వాదన. కొంతవరకు చౌకవుతాయి, కాదనను.

అయితే సోలార్ ప్యానెల్ కరెంటు ఇస్తుంది. దాన్ని కొనేవాడు ఉన్నాడు. సబ్సిడీ ఆగిపోయినా కొంటాడు. గాలిలోంచి తీసి పాతిపెట్టిన కార్బన్‌ను ఎవరు కొంటారు? అది సరుకు కాదు, చెత్త. చెత్త ఎత్తడానికి ఎప్పటికీ ఎవరో ఒకరు డబ్బు కట్టాల్సిందే. 1858 వేసవిలో థేమ్స్ నది మురుగు కంపుతో లండన్ పార్లమెంటు లోపల కూర్చోలేకపోయినప్పుడు, మురుగుకు మార్కెట్ వస్తుందని ఎవరూ ఎదురుచూడలేదు. చట్టం చేశారు, అప్పు తెచ్చారు, ఊరి మీద పన్ను వేశారు, ఇంజనీరు జోసెఫ్ బజల్‌గెట్ చేత నగరం కింద సొరంగాలు కట్టించారు. మురుగు చేసిన ఊరే ఖర్చు పెట్టుకుంది. కార్బన్ విషయంలో ప్రభుత్వాలు వదిలేసింది ఈ చివరి భాగాన్నే.

అమెరికా 45క్యూ పన్ను రాయితీ చూడండి. ప్రపంచంలో ఈ పనికి ఇచ్చే పెద్ద ప్రోత్సాహకాల్లో ఇది ఒకటి. 2022 చట్టంతో, గాలిలోంచి తీసి భూమిలో శాశ్వతంగా దాచితే టన్నుకు 180 డాలర్ల వరకు ఇస్తున్నారు. అదే గ్యాస్‌ను పాత చమురు బావిలోకి ఎక్కించి ఇంకా చమురు పైకి తోడుకుంటే 130 డాలర్లన్నారు. ఆ తేడా అయినా ఉందనుకుంటే, 2025లో చేసిన కొత్త చట్టం దాన్నీ తీసేసింది. ఇప్పుడు రెండింటికీ ఒకే రేటు. పైకి తోడిన చమురును మళ్లీ ఎవరో మండిస్తారు, ఆ పొగ మళ్లీ గాలిలోకే వస్తుంది. దీన్ని గాలి శుభ్రం చేయడమని ఎలా అంటాం?

ఇచ్చే డబ్బుకు లెక్కా పత్రం ఉందా అంటే, అదీ అంతంత మాత్రమే. అమెరికా ట్రెజరీకి చెందిన తనిఖీ విభాగం 2020లో ఈ రాయితీ క్లెయిములను తవ్వి చూసింది. సుమారు 100 కోట్ల డాలర్ల క్లెయిముల్లో దాదాపు 90 కోట్లు, గ్యాస్ భూమిలో ఉందో లేదో చూసే పర్యావరణ సంస్థ నిబంధనలు పాటించకుండా తీసుకున్నవే. టన్ను భూమిలో ఉందని చూపకుండానే డబ్బు చేతికొచ్చింది.

బొగ్గు ప్లాంట్ల పొగ పట్టే ప్రాజెక్టులది ఇంకో పాఠం. ఎనిమిది ప్రాజెక్టుల మీద అమెరికా ఇంధన శాఖ 68 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెడితే నడిచింది ఒక్కటేనని అక్కడి ఆడిట్ సంస్థ 2021లో రాసింది. ఆ ఒక్కటి, టెక్సస్‌లోని పెట్రా నోవా, 2020లో చమురు ధర పడిపోగానే మూతపడింది. మళ్లీ తెరవడానికి మూడేళ్లు పట్టింది. పట్టిన గ్యాస్‌తో చమురు తోడుకోవడమే వ్యాపారం కాబట్టి, చమురుకు ధర లేకపోతే ఆ పనీ ఆగిపోయింది. గాలి బాగు చేసే పనిని చమురు ధరకు కట్టేస్తే జరిగేది ఇదే.

చమురు కంపెనీలు తమ ఉద్దేశం దాచుకోవడం లేదు. గాలిలోంచి కార్బన్ తీసే కార్బన్ ఇంజనీరింగ్ సంస్థను ఆక్సిడెంటల్ అనే అమెరికా చమురు కంపెనీ 2023లో 110 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఈ టెక్నాలజీ తమ పరిశ్రమ ఇంకో 60, 70, 80 ఏళ్లు కొనసాగడానికి లైసెన్సు లాంటిదని ఆ కంపెనీ సీఈఓ విక్కీ హాలబ్ అదే ఏడాది పరిశ్రమ సదస్సులో బాహాటంగా చెప్పారు. కొన్ని నెలలకే అమెరికా ప్రభుత్వం 120 కోట్ల డాలర్ల వరకు సాయం అందించే రెండు పెద్ద కేంద్రాలను ఎంపిక చేసింది. వాటిలో ఒకటి ఆక్సిడెంటల్ అనుబంధ సంస్థది. లైసెన్సు కావాలన్నవాళ్లకు లైసెన్సు ఫీజు కూడా ప్రజలే కట్టి ఇచ్చినట్టయింది.

కరెంటు లెక్క కూడా చూడాలి, ఎందుకంటే నాకు అసలు టెన్షన్ అక్కడే. గాలిలో ప్రతి పది వేల అణువుల్లో కార్బన్ డయాక్సైడ్‌వి నాలుగే. వాటిని ఏరి పట్టడానికి, ఇప్పటి యంత్రాలకు వేడి, విద్యుత్తు కలిపి టన్నుకు ఇంచుమించు 2,000 యూనిట్ల శక్తి కావాలి. అదే 2,000 యూనిట్ల శుభ్రమైన కరెంటుతో బొగ్గు కరెంటును ఆపగలిగితే దాదాపు రెండు టన్నుల పొగ పుట్టకుండానే పోతుంది. కాబట్టి బొగ్గు ప్లాంట్లు ఇంకా నడుస్తున్న గ్రిడ్ నుంచి కరెంటు లాగే యంత్రానికి ప్రభుత్వం ఒక్క పైసా ఇవ్వకూడదు. పరిశోధనకు ఇవ్వండి, చిన్న ప్లాంట్లకు ఇవ్వండి, ఐస్‌లాండ్‌లా భూగర్భ వేడి దండిగా ఉన్నచోట ఇవ్వండి.

స్వీడన్ పద్ధతి నాకు కొంత నచ్చింది. అక్కడి ఇంధన సంస్థ రివర్స్ వేలం పెట్టింది. తక్కువ ధరకు కార్బన్ పాతిపెడతామన్నవాళ్లకే కాంట్రాక్టు. 2025 జనవరిలో స్టాక్‌హోమ్ ఎక్సెర్జీకి సుమారు 2,000 కోట్ల క్రోనాల ఒప్పందం దక్కింది. కలప వ్యర్థాలు మండించి నగరానికి వేడినిచ్చే ప్లాంటు నుంచి ఏటా 8 లక్షల టన్నులు పట్టి సముద్రం అడుగున దాచాలి. నిజంగా దాచిన టన్నుకే డబ్బు. ఇందులో చమురు తోడుకునే సందు లేదు. ఈ పద్ధతిలోనూ ఒక లోపం ఉంది. ఆ 2,000 కోట్లు కట్టేది మళ్లీ మామూలు పన్ను చెల్లింపుదారులే.

ఈ విషయం ఒక్క కార్బన్‌తో ఆగదు. అమెరికాలో యజమానులు వదిలేసి పోయిన చమురు, గ్యాస్ బావులు రికార్డుల్లోకి ఎక్కినవే లక్షకు పైగా ఉన్నాయి. వాటిని అనాథ బావులు అంటారు. తోడుకున్నన్నాళ్లు లాభం కంపెనీది. బావి ఎండిపోయాక మీథేన్ కారుతున్న గొట్టం మాత్రం ఊరివాళ్లది. వాటిని పూడ్చడానికి 2021లో ప్రభుత్వ ఖజానా నుంచే 470 కోట్ల డాలర్లు కేటాయించారు. గనుల్లోనూ ఇదే కథ, ప్లాస్టిక్‌లోనూ ఇదే కథ. తవ్వుకునే రోజున లాభం పంచుకోవడానికి పేర్లుంటాయి, కడిగే రోజుకు ఒక్క పేరూ దొరకదు. 1850 నుంచి 2019 వరకు మనుషులు గాలిలోకి వదిలిన సుమారు రెండు లక్షల నలభై వేల కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ కూడా అలాంటి అనాథ బావే. కాకపోతే దీన్ని తోడుకుని బాగుపడ్డ కంపెనీలు చాలావరకు ఇంకా నడుస్తున్నాయి, ఇంకా డివిడెండ్లు పంచుతున్నాయి. బిల్లు పంపడానికి అడ్రసు ఉంది.

ఆ బిల్లు ఎలా ఉండాలో చెప్పినవాళ్లూ ఉన్నారు. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త మైల్స్ అలెన్ లాంటివారు ఏళ్లుగా అడుగుతున్నది సూటిగా ఉంటుంది. భూమిలోంచి కార్బన్ తీసి అమ్మేవాడు, అందులో కొంత వాటాను తిరిగి భూమిలో పెట్టాలి. ఆ వాటా ఏటా పెరుగుతూ నూరు శాతానికి చేరాలి. యూరప్ ఈ దారిలో ఒక చిన్న అడుగు వేసింది. 2024లో వచ్చిన నెట్ జీరో పరిశ్రమల చట్టం ప్రకారం 2030 నాటికి ఏటా 5 కోట్ల టన్నులు భూమిలోకి పంపే ఏర్పాటు ఉండాలి. ఆ ఏర్పాటు చేయాల్సింది యూరప్‌లో చమురు, గ్యాస్ తీసే కంపెనీలే. 2020 నుంచి 2023 వరకు ఎవరు ఎంత తీశారో దాన్నిబట్టి వాళ్ల వాటా. ఐదు కోట్ల టన్నులు సముద్రంలో కాకిరెట్టంత, నిజమే. అయినా బాధ్యతను తవ్విన లెక్కతో ముడిపెట్టిన చట్టం అది. గడువు దగ్గరపడేకొద్దీ ఖర్చు ఎక్కువైందని, టైమ్ చాలదని కంపెనీలు మినహాయింపులు అడుగుతాయి. ఒక్కరికి కూడా ఇవ్వకూడదు.