ఈ వయసులో ఇంకేం చూస్తారని అడిగినాయనకి

మా సీనియర్ సిటిజన్స్ క్లబ్ వాట్సాప్ గ్రూపు ఇప్పుడే చూశాను. ఒళ్లు మండిపోతోంది. లేపాక్షి ట్రిప్ గ్రాండ్ సక్సెస్ అని రాసుకున్నారు. నంది దగ్గర బస్సు ఎందుకు ఆపలేదండీ అని నేనడిగితే కార్యవర్గంలో ఒకాయన జవాబు: "ఈ వయసులో ఇంకేం చూస్తారు మేడమ్, నలుగురితో సరదాగా గడిచింది కదా!"

ఈ వయసులో కాకపోతే ఎప్పుడు చూడాలి? ఉద్యోగం, పిల్లల చదువులు, పెళ్లిళ్లు, పురుళ్లు, అన్నీ అయ్యాక ఇప్పటికి దొరికింది తీరిక.

ఆరింటికల్లా బస్సు బయల్దేరుతుందన్నారు. చీకటితోనే వచ్చి నిలబడ్డాం. జెండా ఊపడానికి ఒక పెద్దమనిషి రావాలట. ఎనిమిది దాటాక వచ్చారు. శాలువా, దండ, ఫోటోలు, ఆపైన ఉపన్యాసం. పెద్దలంటే తనకెంత గౌరవమో ఆయన చెబుతున్నంతసేపూ మోకాళ్ల నొప్పులతో ఆ పెద్దలంతా రోడ్డు మీద నిలబడే ఉన్నారు.

దాంతో లేపాక్షి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. వీరభద్రస్వామి గుడి ఉన్నదే కూర్మశైలమనే బండ మీద. చెప్పులు విడిచి ఆ రాతి మీద నడవాలి. షుగర్ ముదిరినవాళ్లలో చాలామందికి అరికాళ్లలో స్పర్శ తగ్గిపోతుంది, కాలుతున్నా తెలియదు. తిరుగు ప్రయాణంలో నా పక్క సీటావిడ కాలు పైకి పెట్టి చూసుకుంటే బొటనవేలి కింద పెద్ద బొబ్బ. ఎక్కడ కాలిందో ఆవిడకే తెలియదు. షుగర్ మనిషికి పాదం మీద పుండు పడితే ఎంత టెన్షనో ఆ ఇంట్లోవాళ్లని అడగండి. పొద్దున్నే తీసుకెళ్లినా, సాక్సులు తెచ్చుకోమని ఒక్క మాట ముందుగా చెప్పినా ఈ గొడవ ఉండేది కాదు. చెప్పరు. బ్యానర్ మీద ఎవరి ఫోటో ఎంత పెద్దదిగా వేయాలో మాత్రం వారం రోజులు చర్చించారు.

గుడిలో మాకిచ్చింది ముప్పావు గంట. అందులో సగం వేలాడే స్తంభం కింద తువ్వాలు దూర్చి వీడియోలు తీసుకోవడానికే సరిపోయింది. నేను వెళ్లింది పైకప్పు మీది బొమ్మల కోసం. అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో వేసినవి. ఆ చీరల అంచులు, ఆ కొప్పులు ఒక్కొక్కటే చూడాలంటే తల వెనక్కి వంచి నిలబడాలి, మధ్యమధ్యలో కాసేపు కూర్చోవాలి. ఎక్కడ కూర్చోనిచ్చారు? బడిపిల్లల్ని తోలినట్టు విజిల్ ఊదారు. అసంపూర్తిగా మిగిలిన కల్యాణమండపం వైపు వెళ్లనే లేదు.

ఇక నంది. గుడికి 200 మీటర్ల దూరం. ఒకే రాతిలో చెక్కిన విగ్రహం, సుమారు 15 అడుగుల ఎత్తు, 27 అడుగుల పొడవు. దాన్ని బస్సు కిటికీలోంచి చూపించి, చూసేశారు కదా అన్నారు. రిసార్టులో తంబోలాకి ఆలస్యమవుతోందట! తంబోలా మా క్లబ్బులో ప్రతి ఆదివారం ఆడుతూనే ఉన్నాం.

దారిలో బాత్రూం ఎక్కడుందో ఎవరూ కనుక్కోలేదు. ఆడవాళ్లం పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా బిగపట్టుకుని కూర్చున్నాం. బీపీ మాత్రలు వేసుకుని, ఆ ఎండలో. ఇది ఏ ట్రిప్పుకి వెళ్లినా ఉన్నదే, ఏ కమిటీకీ పట్టదు.

అసలు ముసలివాళ్ల దగ్గర లాక్కోవడం అందరికీ తేలికైపోయింది. రైల్వే రాయితీ సంగతే చూడండి. 60 దాటిన మగవాళ్లకి 40 శాతం, 58 దాటిన ఆడవాళ్లకి 50 శాతం ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి తీసేశారు. కరోనా పోయింది, రైళ్లన్నీ తిరుగుతున్నాయి, మా రాయితీ మాత్రం తిరిగి రాలేదు. అడిగితే ఇప్పటికే అందరికీ టికెట్ మీద సబ్సిడీ ఇస్తున్నాం అంటారు. పెన్షన్ కూడా లేని మనిషి ఒంటరిగా కూతురింటికి వెళ్లిరావాలంటే ఆ సగం డబ్బులు ఎంత పెద్ద మొత్తమో వీళ్లకి తెలుసా? టికెట్ ధర చూసి ప్రయాణాలే మానుకున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లకి మిగిలినవి ఈ క్లబ్ ట్రిప్పులే. వాటినీ ఇలా తగలేస్తున్నారు.

వచ్చేసారి పెనుకొండ అంటున్నారు. 1565 తర్వాత విజయనగర రాజులు రాజధానిగా చేసుకున్న ఊరు, కోట ఉంది, గగన్ మహల్ ఉంది. ఆరింటికి బస్సు కదలాలి. ఏ అతిథి కోసమూ ఆగకూడదు. బాత్రూములు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే కనుక్కోవాలి. ఇవన్నీ గ్రూపులో రాసిపెడితేనే నేను డబ్బు కడతాను. మీరూ అలాగే అడగండి.