పిలుపు ఒక్కటే చాలదు
అధ్యాపకులు, సంఘ పెద్దలు పిలుపునిస్తే చాలు, విద్యార్థులు ఓటు వేస్తారని నేను చదివిన ఒక వ్యాసంలో రాశారు. నాకు పూర్తిగా ఒప్పుకోవాలనిపించడం లేదు. అమెరికాలో ఓ యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన రోజుల్లో నేను చూసింది వేరు. పిల్లలు ఆసక్తి లేక కాదు, ఎక్కడ నమోదు చేసుకోవాలో తెలియక ఆగిపోయేవారు. అమ్మానాన్నల ఇంటి అడ్రస్ ఇవ్వాలా, హాస్టల్‌దా? చదువుకునే ఊళ్లోనే ఓటరుగా చేరే హక్కును అక్కడి సుప్రీంకోర్టు 1979లోనే సమర్థించింది. ఆ సంగతి నా క్లాసులో ఎవరికీ తెలీదు, తోటి అధ్యాపకుల్లోనూ చాలామందికి తెలీదు. పైగా రిజిస్ట్రేషన్ గడువు ఒక్కో రాష్ట్రంలో ఒక్కోలా ఉంటుంది, టెక్సాస్ లాంటి చోట ఎన్నికకు 30 రోజుల ముందే ముగిసిపోతుంది. అందుకే ఒక సెమిస్టర్‌లో క్లాసు చివరి పది నిమిషాలు ఫారాలు నింపించడానికే కేటాయించాను. ఏ పార్టీ మాటా ఎత్తలేదు. వాళ్లడిగిన ప్రశ్నలు వింటుంటే, ఇన్నాళ్లూ ఈ పని ఎందుకు చేయలేదా అని బాధేసింది. సంఘ పెద్దలు కూడా వేదికలెక్కి మాట్లాడే బదులు పోలింగ్ రోజున వాహనాలు ఏర్పాటు చేస్తే ఎంతో మేలు. పోలింగ్ కేంద్రం క్యాంపస్‌కు దూరంగా ఉంటే, కారు లేని విద్యార్థి రెండు క్లాసుల మధ్య అక్కడికి ఎలా వెళ్లి రాగలడు?