ఆసక్తి లేదు మహాప్రభో!

యూట్యూబ్ వీడియో పక్కన మూడు చుక్కలుంటాయి. నొక్కితే 'ఆసక్తి లేదు' అనే బటన్ వస్తుంది. అది నొక్కితే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చొచ్చినంత తృప్తి. పని కూడా సరిగ్గా అంతే అవుతుంది. 2022లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ చేసే మొజిల్లా సంస్థ 20 వేల మందికి పైగా జనం సమాచారం పోగేసి చూస్తే, అక్కర్లేని సిఫార్సుల్లో ఈ బటన్ ఆపగలిగింది 11 శాతమేనట. 'ఈ ఛానెల్ సిఫార్సు చేయొద్దు' అన్నది కాస్త నయం, 43 శాతం. తక్కినదంతా మన ప్రాప్తం.

అయినా యంత్రాన్ని ఆడిపోసుకోవడం పాపం. మన మనశ్శాంతి కోసం దాని పాట్లు దానివి. ఎందరు నొక్కారన్నది వదిలేసి, ఎంతసేపు చూశారన్న లెక్కకు యూట్యూబ్ 2012లోనే మారింది. లక్షల వీడియోల్లోంచి ముందు కొన్ని వందలు ఏరుతుంది, తరవాత వాటికి వరుస కడుతుంది. నచ్చని మాట చెవిన పడగానే వేలితో పైకి తోసేస్తాం కదా, ఆ వేలినే అది శ్రద్ధగా గమనిస్తుంది.

సంక్రాంతికి ఒకే సోఫాలో కూర్చున్న అన్నదమ్ముల్ని చూడండి. ఇద్దరిదీ ఒకే వైఫై. అన్న ఫోన్లో అమరావతి నిండా క్రేన్లు. తమ్ముడి ఫోన్లో అమరావతి నిండా నీళ్లు. అన్న ఫోన్లో ఎర్ర బాణం గుర్తు, నోరు తెరిచిన నాయకుడు, 'అడ్డంగా దొరికాడు'. తమ్ముడి ఫోన్లోనూ అదే బాణం, అదే నోరు, నాయకుడే వేరు. "రాజధాని పైకి లేస్తోందిరా" అంటాడు అన్న. "మునిగిపోయింది కదన్నా" అంటాడు తమ్ముడు. వదిన గారెల పళ్లెం పెట్టి, "ఇంతకీ అక్కడ రైతుకి ప్లాటు ఇచ్చారా, లేదా?" అంటుంది. ఇద్దరూ గారెలందుకుంటారు.

అవతలి పక్షం మాట మనదాకా రాదనుకుంటే పొరపాటే. రోజూ వస్తుంది. గంట ప్రసంగంలో నాలుక మడతపడిన పదిహేను సెకన్లు, వెనక కామెడీ మ్యూజిక్, పైన మన యాంకరు పకపకలు. ఆ గంటలో ఆయన చెప్పిన బడ్జెట్ లెక్క మాత్రం రాదు. లెక్క వింటే ఒళ్లు మండదుగా, మరి బేరం ఎలా సాగుతుంది?

ఒళ్లు మండటానికి ధర కట్టినవాళ్లున్నారు. 2017లో ఫేస్‌బుక్, ఏ పోస్టు ముందు చూపాలన్న లెక్కలో, కోపం బొమ్మతో సహా ఎమోజీలన్నిటికీ లైకు కన్నా ఐదు రెట్లు విలువ ఇచ్చింది. కోపం బొమ్మలు పడే పోస్టుల్లోనే అబద్ధమూ విషమూ ఎక్కువని 2019లో వాళ్ల సొంత డేటా నిపుణులే తేల్చారు. ఆ బొమ్మ విలువ సున్నా అయింది 2020 సెప్టెంబరులో! ఈలోగా బాబాయిలు ఫ్యామిలీ గ్రూపులు వదిలి వెళ్లిపోయారు, పెళ్లి పిలుపులు ఆగిపోయాయి. ఫేస్‌బుక్ వాళ్లు మాత్రం ఐదును నాలుగు చేద్దామా, ఒకటిన్నర చేద్దామా అని బేరాలాడుకుంటూ కూర్చున్నారు. సిగ్గుండక్కర్లేదా?

మందు లేకపోలేదు. వాచ్ హిస్టరీ ఆపేసి, పాతదంతా చెరిపేయండి. 2023 నుంచి అలాంటివాళ్లకు యూట్యూబ్ హోమ్ పేజీ ఖాళీగా పెడుతోంది. అలిగిందన్నమాట. అదీ కష్టమైతే అన్న ఫోను తమ్ముడికీ, తమ్ముడి ఫోను అన్నకీ ఒక్క గంట ఇప్పించి చూడండి.

"అమ్మో, వాడు నా ఫోన్లో చూస్తే రేపట్నుంచి ఆ చెత్తంతా నాకూ వస్తుంది" అంటాడు అన్న.